పిల్లప్పగారి సగం

పిల్లప్పగారి చేతికి ఏదిచ్చినా సగమే తిరిగొస్తుంది. ఆయన జబ్బే అది.

మా ప్రయోగశాల దేవనహళ్ళి దారిలో ఉంది. ఎడారి ఎలుకల కనుగుడ్డు వెనక ఒక గ్రంథి ఉంటుంది. కంటికి జిడ్డు పూసి ఎండిపోకుండా చూసేది అదే. పెసరగింజంత ఉంటుంది. దాన్ని పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, గాజుపలక మీదికి ఎక్కించడం నా ఉద్యోగం. అది నా బల్ల చేరేలోపే మా పై అధికారి పిల్లప్ప సారు బ్లేడు పట్టుకుని అడ్డం నిలబడతారు. "సగం పెట్టి పోమ్మా."

పెసరగింజలో సగమెంతో మీరే ఊహించుకోండి. తుమ్మితే ఎగిరిపోతుంది. నేను నిజంగానే తుమ్మాను ఒకసారి. గంటసేపు నేలమీద పాకుతూ వెతికాను. డైరెక్టరుగారు విదేశీ అతిథులను వెంటేసుకుని సరిగ్గా అప్పుడే వచ్చారు.

ఈ పిచ్చి ఎలుకలతో ఆగినా బాగుండేది. క్యాంటీన్లో నా వడకీ అదే గతి. మా అమ్మాయి పుట్టినరోజుకి పిలిస్తే, కొవ్వొత్తులు ఆరీ ఆరకముందే కేకులో సగం కోసి డబ్బాలో దాచారు. రేపటికి ఉండాలట.

పోయిన నెల ఫర్హానా కొంప మునిగింది. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. పదిహేను రోజుల్లో థీసిస్ ఇవ్వాలి. గ్రంథిలో కొవ్వు ఎక్కడెక్కడ ఉందో చూపించడమే చివరి అధ్యాయం. ఆ ముక్కల్ని గడ్డకట్టించి కోయాలి; ఆల్కహాలు తగిలిందా, కొవ్వంతా కరిగిపోతుంది. నిద్రలేని కళ్ళతో ఆ పిల్ల వాటినీ మామూలు ముక్కలతో కలిపి ఆల్కహాల్లో వేసేసింది. కొత్త ఎలుకలకు అనుమతి రావాలంటే ఆరు నెలలు.

సారు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. కొవ్వుండాల్సిన చోటల్లా చిల్లులే.

"సెట్ దోసె బాగా వచ్చుండాదిమ్మా," అన్నారు. "కొవ్వేదీ?"

ఫర్హానా ఏడుపు అందుకుంది. నాకు ఒళ్ళు మండింది. మీరు సగం కొట్టేయకుంటే ఈ పిల్లకి ఇంకాస్త మిగిలేది కదా అని, పద్దెనిమిదేళ్ళుగా మింగినదంతా కక్కేశాను.

"అదీ ఆల్కహాల్లోనే పడుండేది కదమ్మా," అన్నారు.

జేబులోంచి తాళంచెవి తీసి, తన గదిలోని ఫ్రిజ్ తెరిచారు. లోపలంతా చిన్న చిన్న సీసాలు. ఒక్కోదాంట్లో ఒక్కో అరముక్క. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. ఫర్హానా పేరున్న వాటిని ఏరి ఆ పిల్ల చేతుల్లో పెట్టారు.

"తప్పు చెయ్యనోళ్ళు ఎవరుండారు? ఇంటికి పోయి బాగా నిద్రపో. రేపు కోద్దాం."

నేను తొంగి చూశాను. రెండు అరల నిండా 'వరూధిని', 'వరూధిని' అని నా పేరే.

"అన్ని తప్పులు చేశానా సార్ నేను?"

సారు ఫ్రిజ్ తలుపు మెల్లిగా మూశారు.

"నువ్వు రిటైరు కావడానికి ఇంకా పన్నెండేళ్ళుండాయి కదమ్మా."