నాకు కంప్యూటర్ నేర్పిన ఆయమ్మ

మా బడిలో ఇంతకుముందు పనిచేసిన ఆయమ్మ చనిపోయిందని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున టీచర్ల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. హెడ్మాస్టర్ గారు పెట్టారు. కిడ్నీలు చెడిపోయి కొన్నాళ్లుగా దవాఖాన చుట్టూ తిరుగుతోందట, ముందురోజు సాయంత్రం పోయిందట. ఒకరి తర్వాత ఒకరం చేతులు జోడించిన బొమ్మ పెట్టాం. నేనూ పెట్టాను. ఫోన్ పక్కన పడేసి కుక్కర్‌లో పప్పు ఎక్కించాను. ఎన్ని విజిల్స్ వచ్చాయో లెక్క తప్పింది. మాడిన వాసనకు లేచి స్టవ్ ఆపి, అక్కడే పీట మీద కూలబడ్డాను. ఆ గ్రూపులో అందరికీ ఆమెకు దండం పెట్టే అర్హత ఉంది, నాకు తప్ప.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. ఆమె మంచితనం రాయాలంటే ముందు నా సంగతి రాయక తప్పదు.

నేను హనుమకొండలో ఉంటాను. ధర్మసాగర్ దాటాక ఒక పల్లెలోని హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై నాలుగేళ్లు సుద్దముక్కతోనే పాఠం చెప్పాను. పువ్వు, కప్ప, గుండె, మెదడు, ఏదైనా నల్లబల్ల మీద చేత్తో గీసేదాన్ని. పిల్లలు పుస్తకంలో బొమ్మ వదిలేసి నా బొమ్మ చూసి వేసుకునేవాళ్లు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

అప్పుడు మా బడికి పెద్ద డిజిటల్ బోర్డు, రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఇకనుంచి పాఠాలు స్లైడ్లలో తయారు చేసుకోవాలి, మార్కులు కంప్యూటర్లో ఎక్కించాలి అన్నారు. మూడు రోజుల శిక్షణ కూడా ఇచ్చారు. నేను వెనక వరుసలో కూర్చుని, శిక్షణ ఇచ్చే అబ్బాయి ‘అర్థమైందా’ అన్నప్పుడల్లా తల ఊపి, హాజరు పట్టీలో సంతకం చేసి వచ్చాను. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. బడిలో మొదటిరోజే ఫైలు తెరుచుకోలేదు. ‘మేడం, రెండు సార్లు నొక్కాలె’ అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. తరగతంతా నవ్వింది. కరెంటు బాగాలేదని చెప్పి సుద్దముక్క అందుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు మా తరగతిలో కరెంటు బాగాలేదు.

ఎవరూ చూడకుండా నేర్చుకుందామని ఒకరోజు ఎనిమిది గంటలకే బడికి వెళ్లాను. డిజిటల్ గదిలో ఆయమ్మ కిటికీలు తుడుస్తోంది. నా ఈడు మనిషే, సన్నగా, కొంగు నడుముకు బిగించి ఉండేది. అరగంట కష్టపడి ఒక పేజీ టైపు చేసి మూసేశాను. మూసేటప్పుడు కంప్యూటర్ అడిగినదానికి ఏదో నొక్కాను. పేజీ మాయమైంది.

‘మేడం, సేవ్ కొట్టలే మీరు’ అంది ఆయమ్మ వెనక నుంచి.

‘నీకేం తెలుసు? నీ పని నువ్వు చూసుకో’ అన్నాను.

ఆమె కిటికీ ఊచలు తుడవడం అయ్యాక, బకెట్లో గుడ్డ పిండుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది. ‘హనుమకొండల డీటీపీ షాపుల పద్నాలుగేండ్లు చేసిన మేడం. పెండ్లి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, అన్ని నేనే కొట్టేది. కరోనాల షాపు మూసిండ్రు.’

‘మరి ఇక్కడ ఊడ్చుకుంటూ ఎందుకున్నావు?’

‘మా అత్తమ్మకు పక్షవాతం మేడం. పగటిపూట ఒకపాలి పోయి జర లేపి కూసుండబెట్టాలె. గీ బడైతే ఇంటికి దగ్గర.’

అలా మొదలైంది. ఎవరికీ చెప్పొద్దన్నాను. ‘నేనెందుకు చెప్తా మేడం’ అంది. ఆ రోజు నుంచి నాలుగు నెలలు, రోజూ ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆ గదిలో నేను ఆమె దగ్గర చదువుకున్నాను. కీబోర్డు ముట్టుకునే ముందు తడి చేతులు కొంగుకు రెండు సార్లు తుడుచుకునేది. తెలుగు టైపు చేస్తుంటే కిందికి చూసేది కాదు, కిటికీ బయట గ్రౌండు చూస్తూ కొట్టేది. ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు. నేను తప్పు చేసినప్పుడు నా చేతి మీద చెయ్యి వేయకుండా, స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించి, నేనే దిద్దుకునేదాకా ఆగేది.

‘మొదలు పేరు పెట్టుండ్రి, తర్వాత రాసుకోండ్రి. పేరు లేని ఫైలు యాడ వోయిందో దేవునికి గూడ దొర్కది’ అనేది. నేను స్లైడు నిండా పాఠం మొత్తం ఎక్కిస్తే ఒప్పుకునేది కాదు. ‘అన్ని దాని మీదనే రాస్తే పిల్లలు మీ ముఖం సూడరు మేడం. నాలుగు మాటలు పెట్టుండ్రి, తక్కింది మీ నోటితోని చెప్పుండ్రి.’ ఇరవై నాలుగేళ్ల అనుభవం ఉన్న నాకు బోధన గురించి అంత పనికొచ్చే మాట ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

నేను కుర్చీలో కూర్చునేదాన్ని. పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఆమె నిలబడి చెప్పేది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ‘కూర్చో’ అనలేదు. అప్పుడు అది నాకు తట్టనైనా లేదు. ఇప్పుడు ఆ ఖాళీ కుర్చీయే కళ్లముందు కదులుతుంది.

గుండె పాఠం ఇద్దరం కలిసి చేశాం. విషయం నాది, పని అంతా ఆమెది. మంచి రక్తం ఎర్రగా, చెడు రక్తం నీలంగా ఒక్కో గది దాటి కదిలేలా పెట్టింది. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పాఠం చూసి, ‘ఎవరు చేశారమ్మా ఇది?’ అని అడిగారు.

‘నేనే సార్. ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను’ అన్నాను.

ఆయమ్మ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఏమీ విననట్టు వచ్చి, అందరికీ గ్లాసులు అందించి వెళ్లింది. మర్నాడు నాకు ముఖం చూపించడం కష్టమైంది గానీ ఆమె మామూలుగానే, ‘ఇయ్యాల మార్కుల పట్టిక నేర్సుకుందాం మేడం’ అంది.

ఆ పట్టికే కొంప ముంచింది. అర్ధ సంవత్సర పరీక్షల పదో తరగతి మార్కులన్నీ ఒకరోజు పొద్దున ఆమె పక్కనుండగా నేను ఎక్కించాను. ఆ సాయంత్రం ఆయమ్మ వెళ్లిపోయాక, పేర్లు అక్షరక్రమంలో ఉంటే చూడ్డానికి బాగుంటుందనిపించింది. పేర్ల వరుస ఒక్కటీ పట్టుకుని సార్ట్ కొట్టాను. పక్క వరుసలు కూడా కలపాలా అని కంప్యూటర్ అడిగింది. చదవకుండానే నొక్కేశాను. పేర్లు కదిలాయి, మార్కులు ఉన్నచోటే ఉన్నాయి. ఒకరి మార్కులు ఇంకొకరివైపోయాయి. మర్నాడు పొద్దున అలాగే ప్రింటు తీసి పిల్లలకు ఇచ్చేశాం.

తరగతిలో మొదటి స్థానంలో ఉండే అమ్మాయి రెండు సబ్జెక్టుల్లో తప్పినట్టు వచ్చింది. రెండు రోజులు బడికి రాలేదు. మూడోరోజు తండ్రి వచ్చాడు, ఆటో నడుపుకునే మనిషి. ‘సార్, మా బిడ్డ రెండొద్దుల సంది బువ్వ ముడ్తలేదు. అది గిన్ని తక్కువ మార్కులు రాసే పిల్ల కాదు. పేపర్లు సూపెట్టుండ్రి’ అని ఆఫీసు గదిలో నిలబడ్డాడు. పేపర్లు తీశారు. సంగతి బయటపడింది.

హెడ్మాస్టర్ గారు నన్ను పిలిచారు. ఏం జరిగిందో ఆ పట్టిక చూడగానే నాకు అర్థమైంది. ఇతర బడుల టీచర్లకు కంప్యూటర్ నేర్పడానికి నా పేరు పంపి అప్పటికి వారమైంది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: ‘నేను సరిగ్గానే పెట్టాను సార్. పొద్దున ఆయమ్మ ఆ కంప్యూటర్ తుడుస్తుంటుంది. ఏదైనా నొక్కిందేమో.’

ఆమెను పిలిపించారు. టేబుల్ మీది కాగితం ఒక్కసారి చూసింది. చూడగానే తెలిసిపోయిందని నాకు తెలుసు. పట్టిక మొత్తం సెలెక్ట్ చేయకుండా క్రమం మార్చొద్దని నాకు చెప్పింది తనే. తల ఎత్తి నా ముఖం చూసింది. నేను గోడ మీద టైంటేబుల్ చూస్తున్నాను.

‘తుడ్సేటప్పుడు చెయ్యి తాకినట్టున్నది సార్’ అంది.

సార్ అరవలేదు. ఇక ఆ గదిలోకి అడుగు పెట్టొద్దని మాత్రం చెప్పారు. నేను వరండాలోకి వచ్చేసరికి ఆమె స్తంభం దగ్గర నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. గొంతు తగ్గించి, ‘మేడం, మీరు సార్ట్ కొట్టకముందు పొద్దున నేనొక కాపీ పెట్టిన. మీ పేరుతోనే ఉన్నది. దాంట్లకెల్లి మల్ల ప్రింటు తీసి ఇయ్యుండ్రి. ఆ పిల్ల ఫికర్ పడ్తాంది’ అని వెళ్లిపోయింది.

గంటలో కొత్త కాగితాలు తీశాను. అంత త్వరగా సరిచేసినందుకు స్టాఫ్ మీటింగులో సార్ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు తీసుకున్నాను.

మరుసటి ఏడాదికి పనివాళ్లను మళ్లీ పెట్టుకునేటప్పుడు ఆమె పేరు వచ్చింది. ‘ఆ కంప్యూటర్ ఖరాబ్ చేసినామెనా? వద్దు’ అని ఎవరో అన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నా చేతిలో టీ గ్లాసు ఉంది. తాగుతూ కూర్చున్నాను.

తర్వాత ఒక్కసారే కనబడింది. హనుమకొండలో పరకాల బస్సు కోసం నిలబడి ఉంది, పరకాలలో పత్తి మిల్లులో పనికి పోతోందట. ముఖం ఉబ్బి ఉంది. ‘బాగున్నరా మేడం? పాఠాలు మీరే చేసుకుంటాండ్రా?’ అని అడిగింది. చేసుకుంటున్నానన్నాను. ‘మంచిగయింది’ అని నవ్వింది. ఆ నవ్వులో దెప్పిపొడుపు ఉంటే బాగుండుననిపించింది. లేదు. నా బస్సు వచ్చిందని చెప్పి ఎక్కేశాను. అది నా బస్సు కాదు. తర్వాతి స్టాపులో దిగి నడిచాను. ఒకరోజు ఇంటికి వెళ్లి క్షమాపణ అడగాలనుకున్నాను. ఆ ఒకరోజు రెండేళ్లయినా రాలేదు.

కబురు తెలిసిన మూడోరోజు ఆమె ఇంటికి వెళ్లాను. కూతురు ఉంది, హనుమకొండలో బట్టల షాపులో పని చేసే పిల్ల. తల్లి చీరలు ఒక్కొక్కటి మడత పెడుతోంది.

‘మీరు సైన్స్ మేడమేనా?’ అంది. ‘పెద్ద బడిల మేడానికి నేనే కంప్యూటర్ నేర్పిన అని అమ్మ మస్తు సార్లు చెప్పేది. బయట ఎవ్వలికి చెప్పొద్దని మాతోని ఒట్టేయించుకున్నది. పని ఎందుకు తీసేసిండ్రంటే మాత్రం, గసొంటి నౌకరీలు గట్లనే ఉంటయి అనేది.’

 గచ్చు మీద కూర్చుని మొత్తం చెప్పాను, అధికారి దగ్గర ఆడిన అబద్ధం నుంచి పరకాల బస్సు దాకా. ఆ పిల్ల చీర మడత ఆపకుండా వింది. ‘గిది నాకు చెప్తే ఏమొస్తది మేడం’ అంది. ‘మా అమ్మ ఖరాబ్ చేసిందని ఎవలు అనుకున్నరో ఆళ్లకు చెప్పుండ్రి.’ నన్ను సాగనంపడానికి లేవలేదు. లేవాల్సిన పనీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ టిఫిన్లు విప్పుకున్నప్పుడు చెప్పాను.  హిందీ మేడం డబ్బా మూసుకుని బయటికి వెళ్లిపోయారు. ‘ఇప్పుడెందుకు మేడం ఇవన్నీ, ఆమె పోయిందాయె’ అన్నారు సార్. ముద్ద కలుపుతూ, ‘మరి ఆ రోజు ఆమె ఎందుకు ఒప్పుకున్నది?’ అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆమెను అడగడానికి నాకు చాలా వ్యవధి ఉండింది.

డిజిటల్ గది తలుపు మీద ఒక కాగితం ఉంది. ఆమెను రావొద్దన్న రోజున సార్ నాతోనే టైపు చేయించారు. ‘ఊడ్చేవారు లోపలికి రాకూడదు.’ అక్షరాలు పెద్దవి చేసి, పేజీ మధ్యకు తెచ్చి, చుట్టూ జంట గీత పెట్టాను. అన్నీ ఆమె నేర్పినవే. ఆ సంవత్సరం మిగిలిన నెలలన్నీ ఆమె చీపురు పట్టుకుని ఆ తలుపు ముందునుంచే నడిచింది.

నిన్న పొద్దున బడికి వెళ్లగానే ఆ కాగితం పీకాను. సగమే ఊడింది. గమ్ము గట్టిగా పట్టి ‘రాకూడదు’ అన్నది చెక్కకే అంటుకుపోయింది. మగ్గుతో నీళ్లు తెచ్చుకుని, గుడ్డ తడిపి, నిలబడి రుద్దుతున్నాను. కాగితం తడిసి ముద్దలు ముద్దలుగా చేతికి వస్తోంది. గ్రౌండులో పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతూ, నన్నే చూస్తున్నారు.