చుక్క దిగని బండి

మనుబోలు రోడ్డు పక్కన మెకానిక్ దరియావలి షెడ్డుకు వచ్చినవాళ్లు ఒక్క ప్రశ్న అడక్కుండా పోయేవాళ్లు కారు: అంబాసిడర్ మేలా, ఫియట్ మేలా? ఇక చూడండి, స్పానరు పక్కన పడేసి మొదలుపెట్టేవాడు. అంబాసిడర్‌ది పద్నాలుగు వందల ఎనభై తొమ్మిది సీసీ ఇంజను. ఫియట్‌ది అంతకు నాలుగు వందలు తక్కువ. అయితేనేం, ఫియట్ రెండు క్వింటాళ్లకు పైగా తేలిక, అందుకే చురుకు, పెట్రోలూ తక్కువ తాగుతుంది. గుంతల దారికి మాత్రం అంబాసిడరే. ఇంత చెప్పీ చివరికి ఫియట్ వైపే మొగ్గేవాడు. మొగ్గడా మరి! మిల్లు యజమాని చెంగయ్య ఫియట్ నడిపేది దరియావలి సొంత తమ్ముడు నాగూర్.

ఆ బండి మీద దరియావలికి ఎంత మోజంటే, పందొమ్మిది వందల అరవై నాలుగులో వానలకు ముందు లారీ ట్యూబులు కోసి నాలుగు తలుపులకూ మందంగా రబ్బరు అంటించాడు. అడుగున ఉన్న బెజ్జాలన్నీ తారుతో పూడ్చాడు.

"చుక్క దిగదు. దిగితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు.

నవంబరు ముసురులో వాకాడు నుంచి కబురొచ్చింది. పుట్టింట్లో ఉన్న నాగూర్ భార్య నూర్‌బీకి కొడుకు పుట్టాడు. చెంగయ్య బండి తీసుకుపొమ్మన్నాడు. కాంట్రాక్టరు సంజీవరావు కూడా తన అంబాసిడర్‌లో అటే పోతున్నాడు. దారిలో ఏటికి అడ్డంగా వేసిన చప్టా మీద నీళ్లు పారుతున్నాయని తెలిసి దరియావలి తోడు బయల్దేరాడు.

చప్టా దగ్గర గాలి ఆగిపోయింది. అవతలి గట్టున ఒక గేదె, ఎంత అదిలించినా నీళ్లలోకి దిగడం లేదు. ఇంజన్ల మీదికి ఫ్యాన్లు నీళ్లు చిమ్మకుండా దరియావలి రెండు బండ్లకూ బెల్టులు విప్పాడు.

"దాటతామా వలీ?" అన్నాడు సంజీవరావు.

"ఇంజన్లు ఆగవు సార్. పూచీ నాది."

దరియావలి సంజీవరావు పక్కన అంబాసిడర్‌లో కూర్చున్నాడు. నడుమకు వచ్చేసరికి తలుపుల సందుల్లోంచి నీళ్లొచ్చి కాళ్లు పిక్కలదాకా తడిశాయి. "జల్లెడ సార్ మీ బండి!" అని నవ్వాడు. జల్లెడే గట్టెక్కింది.

తర్వాత నాగూర్ ఫియట్‌ను నీళ్లలోకి దించాడు. ఇంజను చక్కగా మోగుతోంది. ఉన్నట్టుండి ఆ మోత పెరిగింది, బండి మాత్రం ముందుకు రాలేదు. చక్రాలకు నేల అందడం లేదు. లోపలికి నీళ్లు రాని బండి, తేలిక బండి, మెల్లగా పక్కకు తిరిగింది. దరియావలికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఇంజను సంగతే చూశాడు, ఏరు దాటాలంటే బండికి బరువు కావాలన్న సంగతి తట్టలేదు.

"తలుపు తియ్యిరా అబ్బయా! నీళ్లు రానీరా లోపలికి!"

నాగూర్ అద్దం దించుకుని బయటికి రాబోయాడు. అప్పటికే బండి చప్టా అంచు దాటిపోతూ అతన్ని ఏట్లోకి విదిలించింది.

రెండో రోజు నాగూర్ శవం దొరికింది. బండి ఇంకా కిందకి పోయి ఇసుక మేటలో నిలబడి ఉంది. దరియావలి బలంగా లాగితే గానీ తలుపు రాలేదు. వెనక సీటు మీద పసివాడికని కొన్న గుడ్డల మూట ఉంది. ముట్టుకున్నాడు. పొడిగా ఉంది.

ఆ తర్వాత ఏ బండి మేలని ఎవరు అడిగినా అతను స్పానరు కింద పెట్టలేదు. వానాకాలం వాకాడు పోయే ప్రతి కారుకూ తలుపు కింద జానెడు రబ్బరు కోసేసేవాడు.

"లోపలికి నీళ్లొస్తాయి గదయ్యా!" అని అరిచేవాళ్లు.

"రానీ సార్" అనేవాడు. "రానీ."