హెర్మెలిందా రెండు రోజుల ముందే చదివిన కబురు

సాన్ ఎవరిస్తోలో మా టీవీ స్టేషన్ పెట్టినవాడు ఒక పత్తి వ్యాపారి. కొట్టు నిండా టీవీలు తెప్పించాడు గానీ, వాటిల్లో చూడ్డానికి ఏమీ లేదన్న సంగతి ఆయన బుర్రకు ఆలస్యంగా తట్టింది. అలా ఒకే ఒక్క కెమెరాతో సియెర్రా ఛానెల్ మొదలైంది. ఆ కెమెరా పట్టుకున్నది నేనే. పొద్దున వంట, మధ్యాహ్నం పల్లెల్లోని మనుషులకు చేరవేసే కబుర్లు, సాయంత్రం బ్యాండు మేళం, ఆదివారం చర్చిలో పూజ, చలికాలమంతా బేస్‌బాల్. ఒకసారి పూజ మధ్యలో ఎరువుల ప్రకటన పడితే ఫాదర్ ఏడాది పాటు మాతో మాట్లాడలేదు.

జనం వీటన్నిటిలో తప్పకుండా చూసింది పన్నెండు గంటల కబుర్లే. చదివేది హెర్మెలిందా ససుయెతా. బళ్లో గుమాస్తాగా ఉండేది. చదవాల్సిన మనిషి రాలేదని ఒక్క రోజుకి వచ్చి కూర్చుంది, ఆ కుర్చీలోనే ముప్పై ఏళ్లు గడిపేసింది. కొండ పల్లెలకు ఫోన్లు లేవు. లారీ బ్యాటరీకి తగిలించిన టీవీ మాత్రం ఊరికొకటి ఉండేది. ఆసుపత్రి నుంచి, బస్టాండు నుంచి, జైలు నుంచి మాకు చీటీలొచ్చేవి. "లాస్ హుంతాస్‌లో రొమువాల్దా గారికి: మీ కుట్టుమిషను బాగైంది, శనివారం బస్సులో వేస్తున్నాం." చీటీలో ఒక్క పేరు అనుమానంగా ఉన్నా హెర్మెలిందా ఆసుపత్రికి ఫోన్ చేసి అక్కడి గుమాస్తా ప్రాణం తోడేసేది. నాకైతే ఒళ్లు మండేది. చీటీలో ఉన్నది చదివేస్తే పోలేదా అనిపించేది.

తర్వాత రాజధానిలోని ఒక పెద్ద కంపెనీ మమ్మల్ని కొనేసింది. వంట పోయింది, బ్యాండు పోయింది, బేస్‌బాల్ పోయింది. వాటి చోటికి మేడల్లో కూర్చుని ఏడ్చే ఆడవాళ్ల సీరియళ్లు వచ్చాయి. కబుర్లకు పావుగంట మిగిల్చారు. ఒకరోజు కొత్త మేనేజరు ఇబర్రోలా ఆవిణ్ణి పిలిచి, పెద్దావిడ కాబట్టి 'దోన్యా' అంటూ మర్యాదగానే మొదలెట్టాడు.

"దోన్యా హెర్మె, ఇక మీరు రోజూ రానక్కర్లేదు. వారానికి సరిపడా కబుర్లు సోమవారమే రికార్డు చేసేద్దాం. టేపు రాజధానికి పోతుంది, వాళ్లే అక్కణ్ణుంచి రోజుకింత వేస్తారు."

"మధ్యలో వచ్చిన కబుర్ల సంగతేంటి?"

"వచ్చే సోమవారం చదువుదురు గాని."

గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. "రెండు బస్సులు మారి రావడం నావల్ల కావట్లేదు, ఫెర్మీన్. మోకాళ్లు అరిగిపోయాయి" అంది నాతో. నేనూ నోరు మూసుకున్నాను. నాకూ నడుం నొప్పే మరి.

నాలుగో సోమవారం అనుకుంటా, ఆసుపత్రి చీటీ ఒకటి చదివింది. "ఎల్ పల్మారితోలో దోన్ ఎపిగ్మేనియోకు: మీ భార్య ఒతీలియాకు నయమైంది. గురువారం పొద్దున బస్సుకు వస్తుంది. గాడిదను తీసుకుని రోడ్డు దగ్గరికి రండి." బుధవారం వెయ్యాల్సిన కబురు అది. మంచి కబురు కదా, నవ్వుతూ చదివింది.

బుధవారం పొద్దున పదింటికి ఒతీలియా గుండె ఆగిపోయింది. పదిన్నరకు ఆసుపత్రి గుమాస్తా ఫోన్ చేశాడు. హెర్మెలిందాను వ్యానులో తీసుకొచ్చాను. రాగానే రాజధానికి ఫోన్ చేసింది.

"మార్పులేమైనా ఉంటే రెండు రోజుల ముందు రాసి పంపాలమ్మా" అన్నాడు అవతలివాడు.

"మనిషి చచ్చిపోయిందయ్యా!"

"అర్థమైందమ్మా. అదే రాసి పంపండి."

మా ట్రాన్స్‌మిటర్ అన్నా కట్టేద్దామంటే ఆ గది తాళంచెవి ఇబర్రోలా దగ్గరుంది, ఇబర్రోలా ఊళ్లో లేడు. పన్నెండయింది. తెర మీద హెర్మెలిందా నవ్వుతూ కబురు చదువుతోంది. తెర ముందు హెర్మెలిందా గోడ పట్టుకుని నిలబడి ఉంది. "ఆపు, ఫెర్మీన్" అంది. మా గదిలో టీవీ ఆపాను. అంతకన్నా నా చేతిలో ఏముంది?

మర్నాడు ఎల్ పల్మారితో రోడ్డు దగ్గరికి తీసుకెళ్లమంది. "పోనీ ఎవరో ఒకరు చెప్తారులే, మీరెందుకు?" అన్నాను.

"రమ్మన్నది నేను కదా" అంది.

ఎపిగ్మేనియో అప్పటికే వచ్చేశాడు. భార్య ఒళ్లు అదరకుండా జీను మీద దుప్పటి రెండు మడతలు వేశాడు. ఆకలేస్తుందని టోర్టియా రొట్టెలు గుడ్డలో మూటకట్టి తెచ్చాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"అయ్యో, దోన్యా హెర్మెలిందా! మీరే! టీవీలో ఇంకాస్త ఒళ్లుగా కనిపిస్తారే!"

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా. నిన్ననే కదా మీరు చెప్పారు, నయమైందని."

"అది సోమవారం చదివింది, దోన్ ఎపిగ్మేనియో. టేపు మీద ఎక్కించి నిన్న వేశారు."

"నిన్నే చెప్పారమ్మా. ఊరంతా చూశాం."

టేపంటే ఏమిటో నేనూ చెప్పబోయాను. మర్యాదగా విన్నాడు, నమ్మలేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లకు పన్నెండింటికి ఆవిడ చెప్పింది ఆ క్షణాన జరుగుతున్నదే. మొదటి బస్సు వచ్చింది. తలుపు దగ్గరికి వెళ్లి దిగేవాళ్లందరి మొహాలూ చూశాడు. రెండోది వచ్చింది. "ఇందులో రాలేదేమో" అన్నాడు. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. మూడో బస్సుకు ఆయన లేవలేదు.

"అయితే చదవండి" అన్నాడు.

"ఏం చదవను?"

"కబురు. టీవీలో చదివినట్టే."

హెర్మెలిందా మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "ఎల్ పల్మారితోలో దోన్ ఎపిగ్మేనియో బల్దోవినోస్‌కు: మీ భార్య ఒతీలియా రోబ్లెస్ బుధవారం ఉదయం పది గంటలకు ఆసుపత్రిలో చనిపోయారు. ఆవిణ్ణి మీ కోసం ఉంచారు. రండి." నేను వ్యాను చాటుకు పోయి ఏడ్చాను.

ఎపిగ్మేనియో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పదింటికా?" అని అడిగాడు.

"పదింటికి."

"మరి పన్నెండింటికి మీరు నవ్వారే అమ్మా."