సిమెంటు నేల తాగిన కరెంటు

మీకు నచ్చని నమ్మకాన్ని పరీక్షకు పెట్టినప్పుడు, ఆ పరీక్షనే ఎప్పుడైనా పరీక్షించారా? నేను పరీక్షించలేదు. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం ఊడబోయింది.

1976లో ఒమన్‌లోని రైసూత్ రేవులో ఒక కాంట్రాక్టు కంపెనీలో పడవల ఎలక్ట్రీషియన్‌గా చేరాను. అక్కడ జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఖరీఫ్ అనే వానకాలం. రోజంతా సన్నటి తుంపర పడుతుంది, సముద్రం మాత్రం ఎగిసిపడుతుంది. ఆ మూడు నెలలూ మా రెండు పడవలను ఒడ్డుకు లాగి, బ్యాటరీలు విప్పి షెడ్డులో దాచేవాళ్లం. నిండా ఛార్జి చేసి పెట్టడం, నెలకోసారి హైడ్రోమీటరుతో ఆసిడ్ చిక్కదనం చూసి మళ్లీ ఛార్జి ఎక్కించడం పద్ధతి. హైడ్రోమీటరు 1260 చూపితే బ్యాటరీ నిండు. 1180కి దిగితే దాదాపు సగం ఖాళీ.

షెడ్డు బాధ్యత కరీంనగర్ జిల్లా మల్లయ్యది. ముందటేడు రెండు బ్యాటరీలూ చచ్చాయి. ఇంకొక్కటి చస్తే ఇంటికి పంపుతానని కంపెనీ ఇంజనీరు అతనికి చెప్పి ఉంచాడు. సిమెంటు నేల కరెంటు తాగుతుంది, చెక్క మీద పెడితే తాగలేదు అని మల్లయ్య సిద్ధాంతం. కాలేజీ చర్చావేదికల మీద ముహూర్తాలను చీల్చి చెండాడిన నాకు ఇంతకన్నా మంచి వేట ఏం కావాలి? బ్యాటరీ పెట్టె గట్టి రబ్బరు, దాన్ని దాటి నేల ఎలా తాగుతుందని అడిగాను. అతను వినలేదు. ఒకటి నేల మీద, ఒకటి చెక్క మీద పెట్టించి, నెల తర్వాత చూద్దామన్నాను.

నెల తర్వాత చెక్క మీదిది 1240. నేల మీదిది 1180.

"తాగుతదని చెప్పిన గద సారూ," అన్నాడు మల్లయ్య. మరుక్షణమే గొంతు తగ్గింది. "మీరు పెట్టుమంటే పెట్టిన. ఇగ ఇంజనీరు నన్నే పంపుతడు గదా?"

వంగి చూశాను. చెక్క మీది బ్యాటరీ అద్దంలా మెరుస్తోంది. నేల మీదిదాని నెత్తిన తడి దుమ్ము అట్ట కట్టి ఉంది. ఆసిడ్ చెమ్మ కలిసిన అలాంటి మట్టి రెండు టెర్మినళ్ల మధ్య తీగలా పనిచేసి ఛార్జిని కారుస్తుంది. ఎందుకు తుడవలేదని అడిగాను.

"దాన్నెందుకు తుడుస్త సారూ? అది ఎట్లైన సచ్చేదే గదా."

చెక్క మీదిదాన్ని మాత్రం రోజూ తుడిచాడట. నెల పొడుగునా నేను షెడ్డు గడప తొక్కలేదు. గెలుపు నాదేనన్న నమ్మకం నాది.

ఆ పూటే రిపోర్టు రాశాను: నేల మీద పెట్టించింది నేను, రెండింటినీ ఒకేలా చూడమని చెప్పనిది నేను. ఇంజనీరు చదివి, బ్యాటరీ మళ్లీ నిండుతుందా అని మాత్రం అడిగాడు. ఛార్జి ఎక్కిస్తే 1260కి వచ్చింది. మల్లయ్య ఉద్యోగం నిలిచింది.

రెండో నెల ఉల్టా చేశాం. నేల మీదిదాన్ని తుడిచాం, చెక్క మీదిదాన్ని వదిలేశాం. ఈసారి చెక్క మీదిది దిగింది. మల్లయ్య చెక్కను తట్టి చూశాడు.

"అంటే కట్టె గూడ తాగుతదన్నట్టు."

మూడో నెల రెండింటినీ తుడిచాం. రెండూ సమానంగా నిలిచాయి. చెక్కను మాత్రం అతను తీయలేదు, నేనూ అడగలేదు.

పోల్చే రెండింటి మధ్య ఒకే ఒక్క తేడా ఉండాలి. ఆ సంగతి చూసుకోని హేతువాది మాట కూడా నమ్మకం కిందికే వస్తుంది. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉందా? ఈ కథ పక్కన పెట్టి, పొడిగుడ్డ తీసుకుని, బ్యాటరీ పైభాగం తుడిచి రండి. నేల సంగతి తర్వాత వాదించండి.