కత్తి పెట్టని అంటు

రెడ్డిగూడెం చుట్టుపక్కల ఎవరు మామిడి అంటు కట్టించాలన్నా పోతురాజునే పిలిచేవారు. కొమ్మ కోసి, మరో మొక్కకు అతికించి బతికించడం అతనికి అన్నం తిన్నంత తేలిక. అలాంటి మనిషి ఒక్క మొక్క దగ్గర మాత్రం బొత్తిగా చేతకానివాడైపోయాడు.

నెహ్రూగారు పోయిన ఏడాది అది. ఆయన చితాభస్మాన్ని విమానంలోంచి పొలాల మీద చల్లుతున్నారని పంచాయతీ రేడియోలో విని పోతురాజు కళ్ళు తుడుచుకున్నాడు. తొలకరి పడగానే తోటల ఆసామి శ్రీమన్నారాయణగారు బడి ముందు ఆయన పేరున తియ్యటి చిన్నరసం మామిడి అంటు వేయించారు. కట్టిందీ నాటిందీ పోతురాజే.

"పిల్లలు దీని పళ్ళు తిని ఆయన్ని తలుచుకోవాలిరా" అన్నారు ఆసామి. పోతురాజుకు ఆ మాట గుండెల్లో నాటుకుపోయింది.

అతుకు కింద చిగురు వస్తే వెంటనే కోసెయ్యాలి. లేకపోతే కింది టెంకమొక్కే బలిసి, పైన కట్టిన రసాన్ని చంపేస్తుంది. పోతురాజుకు తెలియదా? తెలుసు మహానుభావుడికి! రోజూ దణ్ణం పెట్టి నీళ్ళు పోసేవాడు గానీ, కత్తి తీయడానికి చేతులొచ్చేవి కావు.

"ఆ చిగురు కొయ్యవయ్యా, కొంప మునుగుద్ది" అని పెళ్ళాం వెంకాయమ్మ మొత్తుకునేది.

"ఆయన పేరున పెట్టిన మొక్కే! కత్తెట్టా పెట్టేది?"

చెట్టు ఏపుగా పెరిగింది. అరవై తొమ్మిది వేసవిలో తొలి కాపు. ఆసామి పండు కొరికి మొహం చిట్లించారు.

"ఏంట్రా ఇది? రసమేనా?"

"కాదండీ, టెంకమొక్క కాయండీ. తప్పంతా నాదేనండీ."

ఆసామి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కొట్టేసి వేరే అంటు వెయ్యి" అని వెళ్ళిపోయారు. అంత పెద్దమనిషి పేరున పుల్లకాయ నిలబెట్టానే అని పోతురాజు కుమిలిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గొడ్డలి పట్టుకుని వెళ్తే చెట్టు నిండా పిల్లలు. పచ్చికాయలు పగలగొట్టి, ఉప్పూకారం అద్దుకుని, వంకర మొహాలు పెడుతూ లొట్టలేస్తున్నారు.

"దిగండ్రా, చెట్టు కొట్టాలి."

"ఎందుకు తాతా?"

"పులుపే! తియ్యటి చెట్టు పెడతాలే మీకు."

కొమ్మ మీదున్న నాగమణి కదల్లేదు. "తియ్యటి చెట్లకాడికి కావలోళ్ళు రానివ్వరు తాతా, తరుముతారు. ఇదొక్కటే మాది."

పోతురాజు గొడ్డలి పక్కన పెట్టి చెట్టు కింద చతికిలబడ్డాడు.

"ఒక బద్ద ఇటు పడెయ్యవే" అన్నాడు. "కాస్త ఉప్పెక్కువ అద్దు."