పదిహేడో బావి

"...'నీళ్ళు దొంగిలించే వంశం కాదు మాది!' అంటూ లేచాడన్నయ్యా ఆ పెద్దాయన. వెనక బెంచీలోంచి!"

లెక్కల టీచరమ్మ నవ్వుతూనే చెబుతోంది. పొద్దున డాక్టరేట్ పరీక్ష ముగించుకుని వచ్చి, ముందుగదిలో భర్త కుట్టుమిషన్ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. చేతికంటిన సుద్దపొడి ఇంకా కడుక్కోలేదు.

ఆమె చదువు సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ఒక వేసవిలో బడి కుళాయి ఎండిపోయింది. పిల్లలు సీసాలు పట్టుకుని పక్క వీధి బావికి పరిగెత్తేవారు. ఆ బావిలో మాత్రం నీళ్ళెందుకున్నాయని ఈమె బుర్రను పురుగు తొలిచింది. ఆ వీధివాళ్ళు వంతులు వేసుకుని, ఒక్కో ఇంటికి ఇన్ని బిందెలని లెక్కగా తోడుకునేవారట. అలా వాడుకుంటే నీళ్ళు నిలుస్తాయా అన్నదే ఆమె పరిశోధన. ముప్పై ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఆరేళ్ళు తిరిగింది. నెలనెలా సెలవు రోజుల్లో, వంతులున్నవీ లేనివీ కలిపి నలభై ఒక్క బావుల దగ్గరికి వెళ్ళి, గోడ అంచు నుంచి బరువు కట్టిన టేపు వదిలి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రాసుకునేది. బావులవాళ్ళు 'టేపమ్మ' అని పేరు పెట్టేశారు.

"అసలేం జరిగిందో వరసగా చెప్పమ్మా" అన్నాను.

"బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా పరిశోధన పుస్తకం తెరిచి సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. వంతులున్న బావులన్నీ నిలకడగా ఉన్నాయి, పదిహేడోది మాత్రం నాలుగో ఏట ఒక్క నెలలో అడుగు దిగి మళ్ళీ లేవలేదేం అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? 'యజమాని తన వంతుకు మించి తోడి ఉండవచ్చు' అని రాసేశాను. అదే పైకి చదివాను."

"ఆ యజమాని అక్కడే ఉన్నాడా?"

"నేనే పిలిచానుగా, అందరూ వచ్చి చూడండని! 'పదిహేడంటే నాదే. గోడ మీద నువ్వేగా రంగుతో రాసిపోయావు' అన్నాడు. ఆ నెల దూడ పడబోయిందని ఒక వరస రాళ్ళు వేయించి గోడ లేపాడట. నీళ్ళు దిగలేదన్నయ్యా, గోడే లేచింది! నడుముకు తగిలే గోడ పొట్టకు తగులుతున్నా నాకు తెలీలేదు. నా కళ్ళెప్పుడూ లోపల నీళ్ళ మీదే."

దర్జీ బావ కత్తెర ఆపాడు. "మొదటిరోజే చెప్పాను. కొలత మెడ నుంచా, భుజం నుంచా అన్నది తేలకుండా గుడ్డ కోయకూడదని."

"మీరాగండి. ఆరేళ్ళుగా రోజుకో సామెత కుడుతూనే ఉన్నారు."

పుస్తకం తిప్పి పంపితే ఇంకో రెండేళ్ళు. బడివాళ్ళు ఇక సెలవు ఇచ్చేది లేదని ముందే చెప్పేశారు. అంటే చదువు అక్కడితో ఆగిపోయినట్టే. ఆ మాట తలుచుకుని ఒక్క క్షణం ఆమె నవ్వు ఆగింది.

"సుద్దముక్క తీసుకున్నాను. ఆ నెల తర్వాతి కొలతలన్నిట్లో అడుగు తీసేసి బోర్డు మీద గీత గీశాను. మిగతా వంతుల బావుల గీతల పక్కన బుద్ధిగా పడుకుంది! నాకు ఎదురుతిరిగిన ఒక్క బావీ నావైపొచ్చేసింది. హమ్మయ్య అనుకునేలోపే, 'మిగతా నలభై గోడలూ లేవలేదని ఏంటి నమ్మకం?' అన్నాడు పరీక్షకుడు. 'తెలీదండీ, కొలిచి చెబుతాను' అన్నాను. మా గైడు గారు తల పట్టుకున్నారు. పరీక్షకుడేమో నవ్వి, 'తెలీదన్న మాట పుస్తకంలో కూడా రాసుంటే బాగుండేదమ్మా' అన్నాడు. డిగ్రీ ఇచ్చేశారు. పదిహేను రోజుల్లో గోడల కొలతలు జతచేయాలని షరతు."

చెంబెడు నీళ్ళు గటగటా తాగి గోడకు జారగిలబడింది. ఈ ఆరేళ్ళలో ఆమె అలా కూర్చోవడం నేను చూడలేదు.

నేను లేచేసరికి టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వెళ్ళే దారిలో తొమ్మిది బావులున్నాయి. గోడ ఎత్తు నేల నుంచి కొలిచి రాయన్నయ్యా. గోడ ఎప్పుడైనా లేపారా అని ముందు మనుషుల్ని అడుగు. పదిహేడో బావి దగ్గర మాత్రం ఆగకు. అక్కడికి నేనే వెళ్ళాలి."