దిగడం నేర్చుకున్న నెలలు

నేను పోర్ట్ బ్లెయిర్‌లో కాలేజీ చదివే రోజుల్లో జాజ్ డాన్స్ నేర్పే ఒకావిడ ఉండేది. భర్తకు నేవీలో ఉద్యోగం కావడంతో మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన మనిషి. అందరం దీదీ అనే పిలిచేవాళ్లం. అబర్డీన్ బజార్ వెనక ఒక రేకుల హాల్లో శనివారాలు క్లాసు నడిపేది. నేనూ, మా తెలుగు చర్చి క్వయర్‌లో నా పక్కన నిలబడి పాడే స్నేహితురాలూ చేరాం. ఇళ్లలో ఒప్పించడానికి అది వ్యాయామంలాంటిదేనని చెప్పాం.

అందులో స్విచ్ లీప్ అని ఒక గెంతు ఉంది. పరుగెత్తుకొచ్చి ఒక కాలు ముందుకు విసిరి, గాల్లో ఉండగానే దాన్ని వెనక్కి లాగి రెండో కాలు చాచాలి. ఆపైన ఒంటికాలి మీద దిగాలి. దీదీ ఒకసారి చేసి చూపించింది. మాకింకా ఆర్నెల్లు పడుతుందనీ, తను లేనప్పుడు ప్రయత్నించొద్దనీ గట్టిగా చెప్పింది.

ఒక శనివారం ఆవిడ రావడం ఆలస్యమైంది. మేం ఒళ్లు వేడెక్కించుకోలేదు, పరుపులు వెయ్యలేదు.

"దీదీ వచ్చేలోగా ఒక్కసారి చేసి చూడవే," అన్నాను నేనే.

తను సాక్సులతోనే సిమెంటు నేల మీద పరుగెత్తింది. బాగానే లేచింది. దిగేటప్పుడు మోకాలు లోపలికి తిరిగిపోయింది. తను నేల మీద కూర్చుని, మోకాలిని రెండు చేతులా పట్టుకుని నా వైపు చూసింది.

లిగమెంటు తెగిందన్నారు. ఓడెక్కించి మద్రాసు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. నేను డాన్స్ మానేశాను. తిరిగొచ్చారని తెలిశాక కూడా వాళ్లింటికి వెళ్లలేకపోయాను. వాళ్లుండేది సముద్రపు పాయకు అవతల, బంబూఫ్లాట్ ఊళ్లో. చాతం రేవులో ఫెర్రీ దగ్గర దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చాను. మూడోసారి ఎక్కాను.

వాళ్లమ్మ వాకిట్లో చేపలు శుభ్రం చేస్తోంది. తప్పు నాదేనని, గెంతమన్నది నేనేనని చెప్పాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"మాకు తెల్దా అమ్మా? ఆ రోజే చెప్పేసింది. నువ్వెప్పుడొచ్చి చెప్తావా అని చూస్తన్నాం."

తర్వాత లోపలికెళ్లి టీ తాగమంది. నా స్నేహితురాలు మంచం మీద కూర్చుని ఉంది. నేను క్లాసు మానేశానంటే ముఖం చిట్లించింది.

"నువ్వు మానేస్తే నా కాలు బాగైపోద్దా? ఫాల్తూ మాటలు చెప్పకు. నువ్వు వెళ్లు, నడవగలిగాక నేనూ వస్తాను."

తను చేతికర్రతో నడవగలిగాక ఇద్దరం మళ్లీ క్లాసుకెళ్లాం. దీదీ వారాల తరబడి నన్ను గెంతనివ్వలేదు. పొట్టి బెంచీ మీద నుంచి దిగడమే పని. ముందు మునివేళ్లు, తర్వాత మడమ ఆనాలి. మోకాలు వంగాలి, వేళ్లు ఎటుంటే అటే ఉండాలి. నా స్నేహితురాలు చేతికర్ర పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుని నా మోకాలే చూసేది. అది లోపలికెళ్తోందని తనంటే మళ్లీ బెంచీ ఎక్కేదాన్ని. తర్వాత పరుపుల మీద చిన్న గెంతులు, ఆ తర్వాత కాళ్లు మార్చకుండా పెద్ద గెంతు.

వానాకాలం నడుమ ఒకరోజు దీదీ తలూపింది. నేను పరుగెత్తి లేచి, కాళ్లు మార్చి దిగాను. పాదం చప్పుడు కూడా కాలేదు. నా స్నేహితురాలు నా ముఖం వైపు కాదు, మోకాలి వైపే చూస్తోంది.

"ఠీక్ ఉంది. ఇంకోసారి చెయ్యి," అంది.

తర్వాత తను మామూలుగానే నడిచింది గానీ మళ్లీ గెంతలేదు. అయినా దీదీ బదిలీ అయి వెళ్లేదాకా ప్రతి శనివారం వచ్చి, కొత్తగా చేరిన పిల్లల మోకాళ్లు చూసేది.